సంపులో మోటారు, గుమ్మంలో గోదారి

వాన పట్టిందంటే చాలు, ముమ్మిడివరం చుట్టుపక్కల ఇళ్ళల్లో ఒకటే మాట వినపడతది. "ఏవండీ, మోటారు మోగుతుంది గానీ నీళ్ళు రావట్లేదండీ." ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేస్తే ఎత్తడు. ఎత్తినా "రేపొస్తానండి" అంటాడు. పాపం ఆయన తప్పు కూడా కాదు, ఆ రోజు ఆయనకి అలాంటి ఫోన్లు ఎన్నొచ్చాయో. ఈలోపు ఇంట్లో కుర్రోళ్ళం ఊరుకుంటామా? లుంగీ ఎగ్గట్టి, తడి కాళ్ళతో వెళ్ళి మోటారు మీద చెయ్యేస్తాం. ప్రాణం మీదకొచ్చేది అక్కడే.

యూట్యూబులో "సంప్ పంపు" అని కొట్టి చూస్తే అమెరికా వీడియోలు వరసగా వస్తాయి. వాటిని చూసి మన మోటారు విప్పితే తేడా కొట్టేస్తది. వాళ్ళ ఇళ్ళకి కింద నేలలో ఒక గది ఉంటది. ఊట నీరు అందులోకి రాకుండా గచ్చులో ఒక గొయ్యి తీసి, అందులో పంపు పెట్టి, చేరిన నీటిని బయటికి కొడతారు. అంటే వాళ్ళ సంపు అక్కర్లేని నీటికి. మన సంపు అక్కరున్న నీటికి. కొళాయి నీళ్ళు వచ్చిన కాసేపట్లో పట్టుకుని దాచుకోడానికి, అక్కడి నుంచి డాబా మీద ట్యాంకుకి ఎక్కించుకోడానికి మనం సంపు కట్టుకుంటాం. సముద్రం దగ్గర కాబట్టి చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా తగులుతాయి. ఎండాకాలం కాలువలు కట్టేశాక ఆ దాచుకున్న నీళ్ళే దిక్కు.

కానీ వరదొచ్చిన రోజున మన సంపుకీ, అమెరికా గొయ్యికీ తేడా ఉండదు. దొడ్డంతా నీరు, సంపు మూత మీద నీరు, సెప్టిక్ ట్యాంకు మీదా అదే నీరు. అప్పుడు అదే మోటారుతో నీళ్ళు బయటికి తోడాలని చూస్తాం. ఒక పనికి కొన్న మోటారుతో రెండో పని చేయించడం, అదీ అన్నిటికంటే ప్రమాదమైన రోజున. సగం గొడవలు ఇందులోంచే పుడతాయి.

మన ఊరు ఉన్న చోటే అలాంటిది. పక్కనే గౌతమి. నేల బల్లపరుపు. వానాకాలం రెండు పారలు తవ్వితే ఊట. 1996 నవంబరు 6 తుఫాను సంగతి ఇంట్లో పెద్దోళ్ళని అడగండి, ఇప్పటికీ గొంతు మారుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. మనం కళ్ళారా చూసింది 2022 జులై. అప్పుడు 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17.75 అడుగులకి, అంటే సుమారు 17 లక్షల క్యూసెక్కులకి. దాని మీద ఇంకెంత వచ్చిందో లెక్కేసుకోండి. ఠానేలంక వైపు, ఇంకా లంక ఊళ్ళల్లో ఉన్నోళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ 2022లో మా ఇంట్లో జరిగిందే చెప్తాను. నీరు తీశాక మోటారు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, ఒక పూట ఎండలో పెట్టాం. పైన చూస్తే పొడిగా ఉంది. "ఆరిపోయిందిలే" అని ప్లగ్గు పెట్టాను. రెండు నిమిషాలు బాగానే తిరిగింది. తర్వాత కాలిన వాసన, పొగ. వైండింగు మొత్తం పోయింది. షాపులో ఆయన విప్పి చూపించాడు, లోపల తీగల మధ్య ఇంకా బురద తడి ఉంది. "రెండ్రోజులు ఆగుంటే బేరింగులు, సీలు మార్చి ఇచ్చేసేవాడినండీ" అన్నాడు. ఆ రెండు రోజుల తొందరకి కొత్త వైండింగు డబ్బులు కట్టాం.

కాబట్టి మునిగిన మోటారుకి కరెంటు ఇవ్వడం అన్నిటికన్నా ఆఖరి పని. ముందు విప్పించాలి, మంచినీళ్ళతో బురద కడిగించాలి, బాగా ఆరబెట్టించాలి. వైండింగు షాపుల్లో మెగ్గరు అనే మీటరు ఉంటది. తీగకీ బాడీకీ మధ్య కరెంటు కారుతుందో లేదో అది చెప్తది. ఆ లెక్క కనీసం 1 మెగా ఓమ్ పైన చూపించాకే మోటారు ఇంటికి తెచ్చుకోండి. నీళ్ళలోనే మునిగి పనిచేసే ఓపెన్‌వెల్ మోటారైతే వరదకి దానికేం కాదనుకుంటాం. మోటారుకి కాకపోవచ్చు, దాని వైరు అతుకుకి, పైన గోడనున్న స్టార్టరు డబ్బాకి అవుద్ది. వాటిని కూడా చూడాలి.

ఇప్పుడు చెయ్యి పెట్టే ముందు సంగతి. మోటారు స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. మన ఇళ్ళల్లో స్విచ్చు ఒక్క వైరునే తెంపుద్ది. వైరింగు చేసినోళ్ళు పొరపాటున ఫేజు బదులు న్యూట్రల్‌కి స్విచ్చు పెట్టి ఉంటే, స్విచ్చు ఆపేసినా మోటారు దాకా కరెంటు వచ్చి కూర్చుంటది. ప్లగ్గు లేకుండా నేరుగా వైరు కలిపేసి ఉంటే మీటరు దగ్గర మెయిన్ ఆపండి. మెయిన్ దగ్గరికి వెళ్ళాలంటే నీళ్ళలో నిలబడాల్సొస్తే అసలు వెళ్ళొద్దు. 1912కి ఫోను చేసి, లేదా లైన్‌మన్‌కి చెప్పి, లైను ఆపించండి.

ఇంకో మాట. ఎర్తు. మన దగ్గర చాలా మోటార్లకి మూడో వైరు ఉండదు. రెండు తీగల వైరు కొనుక్కొచ్చి, మధ్యలో మెలేసి టేపు చుట్టి, దొడ్లోంచి లాగేస్తాం. మూడో పిన్ను ఉత్తినే అలంకారం. మోటారు బాడీ ముట్టుకుంటే "జివ్వుమంటుందిరా, చెప్పులేసుకుని ముట్టుకో" అంటారు పెద్దోళ్ళు. ఆ జివ్వుమనడం మోటారు ముందుగా చెప్తున్న కబురు. ఇవాళ పొడి నేల మీద, చెప్పులతో జివ్వుమన్నది, రేపు మోకాల్లోతు నీళ్ళలో వట్టి కాళ్ళతో అయితే మనిషిని వదలదు. ఇంట్లో ఎంసీబీ ఉంది కదా, అది పడిపోద్ది అని ధీమాగా ఉండొద్దు. ఎంసీబీ వైర్లని కాపాడే వస్తువు. అది పడాలంటే ఆంపియర్లు కావాలి, మనిషి గుండె ఆగడానికి ఒక ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు అంతా తిరిగొస్తుందా లేదా అని అది చూస్తా ఉంటది. 30 మిల్లీ ఆంపియర్లు అటూ ఇటూ అయితే చాలు, కన్ను మూసి తెరిచేలోపు తెంపేస్తది. అది కొనేటప్పుడు పైన 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉందో లేదో చూసుకోండి, 100వీ 300వీ కూడా అమ్ముతారు. బైకుకి కొత్త సైలెన్సరు వేయించే డబ్బుల్లోనే ఇదొచ్చేస్తది. ఎవర్నీ ఎత్తిపొడవటం కాదు, నేనూ ముందు సైలెన్సరే వేయించాను.

ఇక రోగాల్లోకి వద్దాం.

మోటారు "మ్‌మ్‌మ్" అని మూలుగుతుంది గానీ తిరగట్లేదు. వెంటనే ఆపెయ్యండి. అలా మూలిగే నిమిషాల్లోనే వైండింగు కాలేది. ప్లగ్గు పీకి, వెనక ఫ్యాను మూత తీసి, ఇరుసు చేత్తో తిప్పి చూడండి. సులువుగా తిరిగితే తొంభై పాళ్ళు కండెన్సరు పోయినట్టే. సింగిల్ ఫేజు మోటారుకి మొదట తోపు ఇచ్చేది అదే. దాని మీద ఎన్ని మైక్రోఫారడ్లో, ఎన్ని వోల్టులో రాసి ఉంటది, అదే లెక్కది తెచ్చి వెయ్యాలి. పెద్దది వేస్తే బాగా లాగుద్ది అనుకుని ఎక్కువది వేస్తే వైండింగు వేడెక్కుద్ది. ఇంకో సంగతి, ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సరులో కరెంటు నిలవ ఉంటది. పాత గుండు బల్బు హోల్డరు వైర్లు దాని రెండు కాళ్ళకీ తగిలించి, అది దిగాకే చెయ్యి పెట్టండి. ఇరుసు తిరగకుండా బిగిసిపోతే తుప్పు గానీ, లోపల ఏదో అడ్డం పడటం గానీ. నెలల తరబడి వాడని మోటారుకి మన ఉప్పు గాలిలో ఇది మామూలే. అందుకే వాడినా వాడకపోయినా వారానికోసారి రెండు నిమిషాలు తిప్పాలి. ఒక్కోసారి కండెన్సరూ బాగుంటది, ఇరుసూ తిరుగుద్ది, అయినా మూలుగుద్ది. అప్పుడు వోల్టేజి చూడండి. 230 రావాల్సింది 170 వస్తుంటే మోటారుకి ఎత్తే బలం ఉండదు. అందరూ మోటార్లేసే పొద్దుటి పూట కాకుండా మధ్యాహ్నం వేసుకుంటే సరిపోద్ది.

మోటారు బాగా తిరుగుతుంది, నీళ్ళు రావట్లేదు. సంపు పక్కన గట్టు మీద పెట్టే మోనోబ్లాకు మోటార్లకి ఇది ఎక్కువ. గాలి లాగుతుందన్న మాట. పంపు నీటిని పీలుస్తుంది అంటాం గానీ, నిజానికి బయట గాలి బరువే నీటిని పైపులోకి తోస్తది. లోపల గాలి ఉంటే ఆ తోపు పనిచేయదు. అందుకే పైన బిరడా తీసి నీళ్ళు పోసి, నిండాక వెయ్యమంటారు. పోసిన నీళ్ళు గుటగుటా కిందికి దిగిపోతుంటే అడుగున ఫుట్‌వాల్వు మూసుకోవట్లేదు. పైకి లాగి చూడండి, మన ఊళ్ళో అయితే కొబ్బరి పీచు గానీ, చిన్న గవ్వ గానీ ఇరుక్కుని ఉంటది. నీళ్ళు నిలబడి ఉన్నా మోటారు వెయ్యగానే నీటితో పాటు బుడగలు వస్తుంటే, సంపుకీ మోటారుకీ మధ్య పైపు అతుకుల్లో సన్న సందు ఉంది. అందులోంచి నీరు కారదు, గాలే లోపలికి పోద్ది, కాబట్టి కంటికి కనపడదు. యూనియన్ విప్పి, వాషరు మార్చి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలి.

నీళ్ళు వస్తున్నాయి గానీ సన్నగా వస్తున్నాయి అంటే జాలీ పట్టేసి ఉంటది, లేదా లోపల ఫ్యాను ఇసుకకి అరిగిపోయి ఉంటది. దీనికి ఒక కొలత పెట్టుకోండి. మోటారు కొత్తలో 20 లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లకి నిండిందో గోడ మీద రాసిపెట్టుకోండి. 30 సెకన్లయితే గంటకి 2,400 లీటర్లు. ఏడాది తర్వాత అదే బకెట్టుకి 45 సెకన్లు పడితే మోటారు ముసలిదైందని మెకానిక్కు చెప్పక్కర్లేదు.

వెయ్యగానే ఎంసీబీ ఠక్కున పడిపోతే ఎక్కడో వైర్లు కలిసినయ్. పది నిమిషాలకి పడితే మోటారు బరువు లాగలేక వేడెక్కుతుంది. ఆర్‌సీసీబీ పడితే కరెంటు నేలలోకి కారుతుంది, అతుకులోకో వైండింగులోకో తడి దిగింది. "ఇది మాటిమాటికీ పడతంది, తీసేసి డైరెక్టు ఇచ్చెయ్యి" అనే మాట మనూళ్ళో చాలా ఇళ్ళల్లో వింటాం. కరిచే కుక్కని వదిలేసి, మొరిగే కుక్కని తోలేసినట్టు ఉంటది ఆ పని.

నీళ్ళు లేకుండా మోటారు తిరిగినా ముప్పే. లోపల సీలుని చల్లగా ఉంచేది ఆ నీరే. సంపులో తేలే బుడ్డి స్విచ్చు ఉంటే నీరు అయిపోగానే అదే ఆపేస్తది, కానీ దాని తాడు గోడకో పైపుకో తగులుకుంటే పనిచేయదు. నెలకోసారి చేత్తో ఎత్తి, దింపి చూడాలి, ప్లగ్గు పీకేసే.

ఇప్పటిదాకా చెప్పింది ఎవరైనా చెప్తారు. మన నేలకి ప్రత్యేకంగా ఉన్న ఒక ముప్పు మాత్రం చాలామందికి తెలియదు. వరద నీరు దొడ్లో ఉండగా, "సంపులోకి మురికి నీరు దిగింది, తోడేద్దాం" అని మొత్తం ఖాళీ చేసేస్తాం. పడవ ఎందుకు తేలుద్దో ఆలోచించండి. లోపల ఖాళీ, చుట్టూ నీరు. నేలంతా ఊట నిండి ఉన్నప్పుడు ఖాళీ సంపు కూడా పడవే. బయటి కొలత 7 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు ఉన్న సంపు పక్కకి నెట్టే నీరు 294 ఘనపుటడుగులు. అంటే 8 వేల లీటర్ల పైన. ఎనిమిది టన్నుల పైచిలుకు బలం కింద నుంచి పైకి తోస్తది. మందంగా కట్టిన సంపు తట్టుకోవచ్చు. నాలుగంగుళాల గోడతో తేలిగ్గా కట్టింది, లేదా ప్లాస్టిక్ ట్యాంకు తెచ్చి పూడ్చింది అయితే లేచొచ్చేస్తది, పైపులు తెగుతాయి. లేవకపోతే అడుగు గచ్చు పగులుద్ది, ఇక ఆ రోజు నుంచి ఉప్పు ఊట లోపలికి రావడమే. సెప్టిక్ ట్యాంకుదీ ఇదే లెక్క. చుట్టూ నీరు తీసి, నేల కాస్త గట్టిపడే దాకా సంపుని నిండుగానే ఉంచండి. ఆ నీళ్ళు తాగొద్దు, అంతే.

నీరు తీశాక సంపు కడగటానికి లోపలికి దిగుతాం కదా. రోజుల తరబడి మూసి ఉన్న సంపులో గాలి చెడిపోయి ఉంటది. దిగిన మనిషి కళ్ళు తిరిగి పడిపోతాడు, తియ్యడానికి దిగిన రెండో మనిషీ పడిపోతాడు. ఇలాంటి వార్తలు ఏటా చదువుతానే ఉన్నాం. మూత తీసి చాలాసేపు వదిలెయ్యాలి, నడుముకి తాడు కట్టుకుని దిగాలి, పైన ఇద్దరు ఉండాలి. కరెంటు లేదని కిరసనాయిలు ఇంజనో పెట్రోలు ఇంజనో సంపు లోపల గానీ, తలుపులేసిన గదిలో గానీ పెట్టొద్దు. దాని పొగలో వాసన తెలియని విషం ఉంటది. కడిగాక మంచినీళ్ళు నింపి బ్లీచింగు కలపాలి. మామూలు రోజుల్లో 1,000 లీటర్లకి 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి చాలు, వరద తర్వాత దానికి రెట్టింపు. పొడి నేరుగా చల్లకుండా బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట పొయ్యండి. గంట ఆగి వాడుకోండి, తాగేవి మాత్రం కాచుకోండి.

దొడ్లో నీరు తోడటం గురించి ఒక లెక్క చెప్పి వదిలేస్తాను. 5 సెంట్ల స్థలంలో అర అడుగు నీరు నిలబడితే 30 వేల లీటర్లు. ఇందాకటి 2,400 లీటర్ల మోటారుకి అది పదమూడు గంటల పని, అదీ కొత్త నీరు రాకపోతే. ఆ 5 సెంట్ల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే ఇంకో 20 వేల లీటర్లు వచ్చి చేరుద్ది. ట్యాంకుకి ఎక్కించే మోటారు ఎత్తు ఎక్కించడానికి చేసింది, ఎక్కువ నీరు తోడటానికి చేసింది కాదు. దొడ్డి నీటికి బురద పంపు వేరే ఉంటది, అద్దెకి కూడా దొరుకుద్ది. వీధిలో నాలుగిళ్ళు కలిసి ఒకటి తెచ్చుకుంటే నాలుగు వంటింటి మోటార్లు బతుకుతాయి. ముందు గుమ్మానికి, గేటుకి ఇసక బస్తాలు అడ్డం పెట్టకుండా తోడటం మొదలెడితే మాత్రం గోదారిని గోదార్లోకి తోడినట్టే.

తోడిన నీరు ఎటు పోవాలి? ఇక్కడే నాకు కోపం వస్తది. మా చిన్నప్పుడు ప్రతి దొడ్డి చివర ఒక బోదె ఉండేది. అది పెద్ద బోదెలోకి, అది మురుగు కాలువలోకి, అక్కడి నుంచి గౌతమికి. ఇప్పుడు ఆ బోదెల మీద ప్రహరీలు లేచాయి, మెరకలు తోలేశారు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే వేసి ఎత్తు పెంచుతారు, ఇల్లు పల్లమైపోద్ది. దాంతో నేను తోడిన నీరు పక్కింట్లోకి, వాళ్ళు తోడింది వెనకింట్లోకి. పేటలో ఉన్నోళ్ళ ఇళ్ళు అన్నిటికన్నా పల్లం కాబట్టి ఆఖరికి అందరి నీరూ వాళ్ళ గడపలోకి. మోటారు ఉన్నోడి నీరు మోటారు లేనోడి ఇంటికి చేరుద్ది, సూటిగా చెప్పాలంటే ఇదీ సంగతి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం అని చేలు వదిలేసినప్పుడు వాళ్ళ బాధల్లో ఈ మురుగు ముంపు కూడా ఒకటి. చేలల్లో అప్పుడు చూసింది ఇప్పుడు దొడ్లల్లో చూస్తున్నాం. నగర పంచాయతీకి అర్జీ పెట్టడం ఎలాగూ మన పనే, వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి ఊరుకుంటే బోదె దానంతట అది తవ్వుకోదు.

ఒక కిటుకు మాత్రం పెద్దోళ్ళ దగ్గర నేర్చుకున్నాను. మన మురుగు కాలువలు సముద్రం పోటుకి ఎదురు తిరుగుతాయి. పోటు మీద ఉన్నప్పుడు నువ్వెంత తోడినా కాలువ తీసుకోదు, వెనక్కి తంతది. సుమారు ఆరు గంటలకి పాటు వస్తది, అప్పుడు చూడు లాగేస్తది. రోజుకి రెండు పాట్లు, రోజూ యాభై నిమిషాలు వెనక్కి జరుగుతా ఉంటాయి. వేటకెళ్ళే వాళ్ళని అడిగితే చేతి గడియారం కూడా చూడకుండా చెప్తారు. 2022లో మా వీధి వాళ్ళం రాత్రి ఒంటిగంటకి లేచి ఇంజను వేసింది అందుకే. తెల్లారేసరికి మెట్లు రెండు బయటపడ్డాయి.